థియేటర్ అని ఊరించి ఓటీటీకి ఇచ్చేశారు, ఫ్యాన్స్ కోపంలో న్యాయం ఉందా?

మీ ప్రశ్న ఒకసారి మళ్ళీ చెప్పుకుందాం. మీ అభిమాన బ్యాండ్ మీద డాక్యుమెంటరీ వస్తోందని, అదీ పెద్ద తెర మీద అని రెండేళ్ళు ఊరించారు, ఇప్పుడేమో ఒక్క ఓటీటీలోనే అని ప్రకటించారు. మీరు అడ్మిన్‌గా ఉన్న గ్రూప్‌లో సగం మంది బాయ్‌కాట్ అంటున్నారు, మిగతా సగం "హాయిగా ఇంట్లో కూర్చుని చూసుకోక ఏంటీ గోల" అంటున్నారు. ఎవరిది కరెక్టు, ఈ గొడవ ఎన్నాళ్ళుంటుంది, అసలు డిస్క్ (బ్లూరేనో డీవీడీనో) వస్తుందా రాదా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తా. థియేటర్ పోయిందన్న కోపం తగ్గిపోతుంది. సినిమా బాగుంటే వచ్చిన వారంలోనే తగ్గుతుంది, నేను చూసినంతలో ప్రతిసారీ అంతే. తగ్గనిది ఇంకోటుంది, "రేపు ఇది నా దగ్గర ఉంటుందా" అన్నది. మీ వాళ్ళంతా మొదటిదాని మీద జుట్లు పట్టుకుంటున్నారు, రెండోది ఎవరూ ఎత్తినట్టు లేదు. డిస్క్ సంగతి హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది, దాని గురించి కింద వివరంగా చెప్తా.

నాకెలా తెలుసంటే, కొన్నేళ్ళు మ్యూజిక్ క్లియరెన్స్ పని చేశాను, అంటే డాక్యుమెంటరీలో ఏదైనా పాట వాడాలంటే ఆ పాట ఎవరిదో వెతికి, వాళ్ళని పట్టుకుని, బతిమాలి, సంతకం తెచ్చే పని. అది మానేసి చాలాకాలమైంది. ఒక పాత రాక్ మ్యూజిక్ గ్రూప్‌కి అడ్మిన్‌గా మాత్రం పన్నెండేళ్ళుగా ఉన్నా, కాబట్టి తిట్లు రెండు వైపుల నుంచీ తిన్నవాణ్ణే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది కదా మన పని.

బాగా దగ్గర్నుంచి చూసిన కేసు బ్రిటిష్ రాక్ బ్యాండ్ బీటిల్స్ మీద వచ్చిన డాక్యుమెంటరీ "గెట్ బ్యాక్"ది. మీ బ్యాండ్‌కి ఇప్పుడు జరుగుతున్నదే దానికీ జరిగింది, కాకపోతే అది చివరిదాకా చూశాం కాబట్టి చెప్పడానికి వీలుగా ఉంటుంది. 1969లో వాళ్ళని తీసిన పాత ఫుటేజ్‌తో దర్శకుడు పీటర్ జాక్సన్ సినిమా చేస్తున్నాడని 2019 జనవరి 30న ప్రకటించారు, అంటే లండన్‌లో 3 సవిల్ రో మేడ మీద వాళ్ళు జనం ముందు చివరిసారి వాయించి సరిగ్గా 50 ఏళ్ళు అయిన రోజు. 2020 మార్చిలో డిస్నీ వాళ్ళు సెప్టెంబర్ 4న థియేటర్లలో అన్నారు. కోవిడ్ వచ్చింది, 2021 ఆగస్ట్ 27కి జరిపారు. అది కూడా దగ్గరికొస్తోంది అనుకుంటుండగా 2021 జూన్ 17న, థియేటర్ లేదు, మూడు భాగాలుగా నవంబర్ 25, 26, 27 తేదీల్లో డిస్నీ ప్లస్‌లో మాత్రమే అని తేల్చేశారు.

ఆ రాత్రి నేనేం చేశానో చెప్తా, సిగ్గులేకుండా. గ్రూప్‌లో పేజీడు పోస్ట్ రాశా. రెండేళ్ళు తిప్పించుకుని ఇప్పుడు చందా కట్టమంటారా, ఇది నమ్మించి గొంతు కోయడమే, పెద్ద తెర కోసం దాచిన బొమ్మని ఫోన్‌లో చూడమంటారా, ఇలా ఊగిపోయా. అంతటితో ఆగకుండా దాన్ని పిన్ చేశా. మూడు రోజులు కామెంట్లు ఆగలేదు. ఒక్కడు కూడా సినిమా చూడలేదు అప్పటికి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

నవంబర్ 25న మొదటి భాగం చూశా. అందులో ఒక సీన్ ఉంది, ట్వికెన్‌హామ్ స్టూడియోలో, బ్యాండ్ నలుగురిలో జాన్ లెనన్ ఇంకా రాలేదు. పాల్ మెకార్ట్‌నీ కుర్చీలో కూర్చుని బేస్ గిటార్‌ని మామూలు గిటార్‌లాగా గీరుతూ ఉంటాడు, నోట్లోంచి మాటలు కూడా కావు, ఏవో కూతలు. ఎదురుగా జార్జ్ ఆవులిస్తుంటాడు. రింగో చూస్తూ ఉంటాడు. అలా గీరుతూ గీరుతూ ఉండగానే, మనం యాభై ఏళ్ళుగా వింటున్న "గెట్ బ్యాక్" పాట ట్యూన్ ఆ కూతల్లోంచి మెల్లగా తల పైకెత్తుతుంది. జార్జ్ ఆవులింత ఆపి తనూ గిటార్ అందుకుంటాడు. నేను పాజ్ చేసి గదిలో రెండు సార్లు అటూ ఇటూ నడిచా.

ఆ సీన్ రెండు రెండున్నర గంటల థియేటర్ సినిమాలో ఉండేదా? ఉన్నా ఇరవై సెకన్లు ఉండేదేమో. అది పనిచేసేదే దాని నిడివి వల్ల, ఏమీ జరగకపోవడం వల్ల, పక్కవాడు ఆవులించడం వల్ల. జాక్సన్ దగ్గర 60 గంటల దాకా ఫిలిం, 150 గంటలకు పైగా సౌండ్ ఉన్నాయి. ప్రకటించినప్పుడు మొత్తం 6 గంటలు అన్నారు, వచ్చేసరికి 468 నిమిషాలైంది, అంటే 8 గంటలకు పన్నెండు నిమిషాలు తక్కువ. ఏ థియేటర్ వాడు వేస్తాడండీ అది. మర్నాడు పొద్దున నా పోస్ట్ అన్‌పిన్ చేశా, తీసెయ్యలేదు, కింద "తొందరపడ్డాను" అని ఒక ముక్క రాసి వదిలేశా, ఇప్పటికీ మా వాళ్ళు ఎప్పుడన్నా నన్ను ఏడిపించాలంటే దాని స్క్రీన్‌షాట్ తీస్తారు.

అందుకని నిడివి విషయంలో ఓటీటీ అభిమానికి మేలే చేస్తుంది, ఇది మీ బాయ్‌కాట్ బ్యాచ్‌కి చెప్పండి. సంగీతం తయారవడం అనేది మెల్లగా జరిగే పని, విసుగు పుట్టించే పని, దాన్ని చూపించాలంటే తీరిక కావాలి. థియేటర్‌కి ఆ తీరిక ఉండదు.

ఇంకా భయాలు కొన్ని ఉండేవి అప్పట్లో, గుర్తు చేసుకుంటే నవ్వొస్తుంది. పిల్లల సినిమాల కంపెనీ కదా, వీళ్ళ బూతులన్నీ కోసేస్తారు, సిగరెట్లు కనపడకుండా చేస్తారు అని మా గ్రూప్‌లో ఒకాయన ఐదు నెలలు మొత్తుకున్నాడు. ఏం కొయ్యలేదు, మొదట్లో ఒక హెచ్చరిక వేసి ఊరుకున్నారు. బొమ్మ మీద గొడవ మాత్రం నిజంగా ఉంది. 16 ఎంఎం ఫిలింకి ఉండే గ్రెయిన్, అంటే బొమ్మ మీది సన్నటి గరుకు, అంతా తుడిచేసి మొహాలు మైనం బొమ్మల్లా చేశారని కొందరు, అబ్బ నిన్న తీసినట్టుంది అని కొందరు. నేను మొదటి జట్టు. కానీ అది ఓటీటీ వల్ల వచ్చిన తగాదా కాదు, థియేటర్‌లో వేసినా అదే ప్రింట్ వేసేవారు.

ఆ రోజుల్లో మాట్లాడాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు, మేం వాళ్ళని పట్టించుకోలేదు. మా గ్రూప్‌లో టర్కీ నుంచి ఒకతను, పోలండ్ నుంచి ఇద్దరు ఉండేవారు. 2021 నవంబర్‌లో వాళ్ళ దేశాల్లో డిస్నీ ప్లస్ అనేదే లేదు, 2022 జూన్‌లో గానీ మొదలవలేదు. దక్షిణాఫ్రికాలో 2022 మేలో వచ్చింది. అంటే చందా కడతానన్నా కట్టించుకునేవాడు లేడు. ఎక్స్‌క్లూజివ్ అంటే మనం "ఇంకో యాప్‌కి డబ్బులా" అని విసుక్కుంటాం, వాళ్ళకది గేటు దగ్గరే ఆపేయడం. థియేటర్ అయితే ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక హాల్లో పడేది. మీ గ్రూప్‌లో అలాంటి దేశాల వాళ్ళుంటే ముందు వాళ్ళ కోపం వినండి, మిగతావాళ్ళది తర్వాత.

ఇక అసలు సంగతి.

మా గ్రూప్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్భై దాటాయి. "గెట్ బ్యాక్" వచ్చినప్పుడు చందా కట్టలేదు. డబ్బుకి ఇబ్బంది ఏమీ లేదు, మనవడు లాగిన్ ఇస్తానన్నాడు, వద్దన్నారు. డిస్క్ వస్తే చూస్తానన్నారు. మొండితనం అనుకున్నాం. ఒకసారి వీడియో కాల్‌లో వీహెచ్ఎస్ క్యాసెట్ ఒకటి చూపించారు. పైన బాల్ పెన్‌తో సినిమా పేరు రాసుంది, అంటించిన కాగితం అంచులు గోధుమ రంగు తిరిగిపోయాయి. ఆ 1969 ఫుటేజ్‌తోనే 1970లో వచ్చిన బీటిల్స్ "లెట్ ఇట్ బి" సినిమా అది, కాపీకి కాపీకి కాపీ. ప్లే చేసి కెమెరా ముందు పెట్టారు, మొహాలు పచ్చగా, పాటకంటే హోరు ఎక్కువ.

కథేంటంటే ఆ సినిమా 80ల మొదట్లో క్యాసెట్, లేజర్ డిస్క్ మీద వచ్చింది, తర్వాత మార్కెట్లోంచి మాయమైపోయింది. దశాబ్దాలు. ఆస్కార్ వచ్చిన సినిమా, ప్రపంచంలో అందరికంటే పేరున్న బ్యాండ్ సినిమా, డబ్బులిచ్చి కొనుక్కుందామంటే దొరకదు. మళ్ళీ అధికారికంగా కళ్ళ పడింది 2024 మే 8న, అదీ డిస్నీ ప్లస్‌లోనే. ఆ పెద్దాయన అన్నది ఒకటే మాట: "ఈ క్యాసెట్ మా స్నేహితుడు నాకు ఇవ్వకపోయుంటే నలభై ఏళ్ళు నేను ఈ సినిమా చూసేవాణ్ణి కాదు. వాళ్ళు పెడితే ఉంటుంది, తీస్తే పోతుంది అన్నదానికి నేను డబ్బు కట్టను."

నేనేం మాట్లాడలేకపోయా. ఎందుకంటే నాకూ ఒక దెబ్బ తగిలుంది. ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో ఒక కాన్సర్ట్ సినిమా "కొన్నా", అద్దెకి కాదు, కొనే బటన్ నొక్కి కొన్నా. రెండేళ్ళకు చూద్దామని తెరిస్తే నా లైబ్రరీలో లేదు. కస్టమర్ కేర్ వాళ్ళని అడిగితే ఆ స్టోర్‌కి హక్కుల గడువు అయిపోయిందట. బిల్లు నా దగ్గరుంది, సినిమా లేదు.

ఇది పాత సినిమాల తంటా, కొత్తవి సొంతంగా తీసినవి కదా పోవు అనుకుంటారేమో. "విల్లో" అని డిస్నీ ప్లస్ సొంత సీరియల్ ఒకటి 2022 నవంబర్ చివర్లో మొదలైంది, 2023 మేలో వాళ్ళే వాళ్ళ ప్లాట్‌ఫామ్‌లోంచి తీసేశారు. చివరి ఎపిసోడ్ వచ్చి ఐదు నెలలు కూడా సరిగ్గా కాలేదు. సంగీతానికి సంబంధించినది కాదు గానీ, సొంత సరుకే అలా తీసిపారేయగలరని తెలియడానికి చెప్తున్నా.

ఇంకా పెద్దది, చనిపోయిన అమెరికన్ గాయకుడు ప్రిన్స్ మీద తీసిన డాక్యుమెంటరీ. దర్శకుడు ఎజ్రా ఎడెల్మన్ ఏళ్ళ తరబడి కష్టపడి నెట్‌ఫ్లిక్స్ కోసం 9 గంటల సినిమా తీశాడు. చూసిన కొద్దిమంది జర్నలిస్టులు గొప్పగా రాశారు. ప్రిన్స్ ఎస్టేట్‌కి, అంటే ఆయన ఆస్తి, హక్కులు చూసుకునేవాళ్ళకి నచ్చలేదు. 2025 ఫిబ్రవరిలో ఇక అది రాదని తేల్చేశారు. పూర్తయిన సినిమా, ఒక సర్వర్‌లో ఉంది, మనం చూడలేం, ఇంకొకరు తీసుకుని విడుదల చేయడానికి కూడా లేదు. ఎక్స్‌క్లూజివ్ అన్న మాటకి అసలు అర్థం ఇక్కడ కనిపిస్తుంది, ఒక్కడి దగ్గరే ఉంటే ఆ ఒక్కడు తలుపు తీయకపోతే అంతే.

మరి డిస్క్ వస్తుందా? ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొస్తుంది.

ఒక పాటని బొమ్మ మీద వాడాలంటే రెండు తాళాలు తీయాలి. ఒకటి పాట కట్టినవాళ్ళది, అది పబ్లిషర్ దగ్గర ఉంటుంది, దాన్ని సింక్ లైసెన్స్ అంటాం. రెండోది ఆ రికార్డింగ్‌ది, లేబుల్ దగ్గర ఉంటుంది, మాస్టర్ లైసెన్స్. పాత ఫుటేజ్ వాడితే అది తీసినవాడి దగ్గర మూడోది. ఈ ప్రతిదానిలో మళ్ళీ మూడు గళ్ళు పూరించాలి: ఎక్కడెక్కడ చూపిస్తావు (థియేటరా, టీవీయా, ఓటీటీయా, డిస్కా), ఏ ఏ దేశాల్లో, ఎన్నేళ్ళు. అన్నీ, అన్నిచోట్లా, ఎప్పటికీ అని రాస్తే రేటు ఆకాశంలో ఉంటుంది. అందుకని డబ్బు తక్కువున్నవాళ్ళు కావాల్సినంత వరకే కొంటారు, డిస్క్‌కి మాత్రం "ఆప్షన్" పెట్టుకుంటారు, అంటే ఫలానా తేదీలోపు అడిగితే ఫలానా రేటుకి ఇస్తాం అని. ఆ తేదీ దాటిందా, ఆప్షన్ చచ్చిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

దానికి తోడు ఎంఎఫ్ఎన్ (మోస్ట్ ఫేవర్డ్ నేషన్స్) అని ఒక క్లాజ్ ఉంటుంది, ఒకళ్ళకి రేటు పెంచితే మిగతా అందరికీ అదే రేటు ఇవ్వాలి. కాబట్టి ముప్పై పాటల్లో ఒక్క పాటవాడు మొండికేసినా బేరం మొత్తం కదిలిపోతుంది.

నేను పనిచేసిన ఒక చిన్న డాక్యుమెంటరీకి సరిగ్గా ఇదే జరిగింది. డిస్క్ ఆప్షన్ తేదీ నిర్మాత గమనించలేదు, మేమూ గుర్తు చేయలేదు, తప్పు మాదీ ఉంది. ఏడాది తర్వాత ఫ్యాన్స్ అడుగుతున్నారని మళ్ళీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాం. అందరూ ఒప్పుకున్నారు, ఒక పాట రాసినాయన మాత్రం ఈలోపు పోయారు, ఆయన వారసుల మధ్య పంచాయితీ నడుస్తోంది, సంతకం ఎవరు పెట్టాలో వాళ్ళకే తెలీదు. చివరికి ఆ సీన్‌లో పాట తీసేసి ఏదో ట్యూన్ వేసి డిస్క్ వదిలారు. తెర మీద గిటార్ మీద వేళ్ళు ఒక పాట వాయిస్తుంటాయి, స్పీకర్‌లోంచి ఇంకోటి వస్తుంటుంది. ఫ్యాన్స్ ఊరుకుంటారా. ఆ డిస్క్ రివ్యూలు చదివి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు నేను.

ఓటీటీ పూర్తిగా డబ్బు పెట్టి తీయించినదైతే లెక్క ఇంకోలా ఉంటుంది. వాళ్ళు నిర్మాతకి ఖర్చంతా ఇచ్చి పైన కొంత లాభం ఇచ్చి హక్కులన్నీ తీసేసుకుంటారు. నిర్మాతకి అది వరమే, థియేటర్ అయితే టికెట్లు తెగేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి, ఇక్కడ డబ్బు ముందే వస్తుంది. థియేటర్లు మూసేసిన రోజుల్లో అయితే అదొక్కటే దారి, "బీస్టీ బాయ్స్ స్టోరీ" 2020 ఏప్రిల్‌లో ఐమ్యాక్స్‌లో పడాల్సింది, చివరికి నేరుగా యాపిల్ టీవీ ప్లస్‌లో వచ్చింది. కానీ హక్కులన్నీ అమ్మేశాక డిస్క్ వేయాలా వద్దా అనేది ప్లాట్‌ఫామ్ ఇష్టం. డిస్క్ వేస్తే చందా ఎవరు కడతారు అన్నది వాళ్ళ ఆలోచన, వ్యాపారం వైపు నుంచి చూస్తే అర్థం చేసుకోదగ్గదే.

అయినా వచ్చినవి ఉన్నాయి. స్కోర్సెసీ బాబ్ డిలన్ మీద తీసిన "రోలింగ్ థండర్ రివ్యూ" 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 2021లో సినిమాలకి డిస్కులు వేసే క్రైటీరియన్ కంపెనీ వాళ్ళు డిస్క్ వేశారు. టాడ్ హేన్స్ తీసిన "ద వెల్వెట్ అండర్‌గ్రౌండ్" 2021లో యాపిల్ టీవీ ప్లస్‌లో, ఏడాది తర్వాత అదీ క్రైటీరియన్‌లో. గమనించారా, రెండిటికీ దర్శకుడికి గట్టి పేరుంది. దర్శకుడు పట్టుబడితే ప్లాట్‌ఫామ్ వింటుంది. ఇంకో రకం బియాన్సే "హోమ్‌కమింగ్", 2019 ఏప్రిల్ 17న సినిమా నెట్‌ఫ్లిక్స్‌కి ఇచ్చి అదే రోజు లైవ్ ఆల్బమ్ మాత్రం విడిగా వదిలారు. బొమ్మ ఒకడి దగ్గర ఇరుక్కున్నా పాట ఇరుక్కోలేదు. అది తెలివైన పని అంటాను నేను.

ఇక "గెట్ బ్యాక్" సంగతి, బ్యాండ్ సొంత కంపెనీ యాపిల్ కోర్ (ఫోన్ల యాపిల్ కాదు) నిర్మాణంలో ఉంది కాబట్టి డిస్క్‌కి దారి సులువే. 2022 ఫిబ్రవరి 8 అని తేదీ ఇచ్చారు. మా పెద్దాయన మొదటి రోజే బుక్ చేశారు. తేదీ దగ్గరికొచ్చేసరికి ఆపేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు, రెండు నెలలకు పైగా చందాదారులందరూ ఆయన ముందే సీన్లు చెప్పుకుంటున్నారు, ఆయన చెవులు మూసుకుని కూర్చున్నారు, మళ్ళీ ఇదొకటి. చివరికి అమెరికాలో జూలై 12న వచ్చింది. 4కే లేదు, అదనపు సీన్లు లేవు, ఉన్నది ఉన్నట్టు పెట్టె. జూన్ ప్రకటన మీద కంటే ఈ ఫిబ్రవరి జులై మధ్య జరిగిన దాని మీదే మా గ్రూప్‌లో చేదు ఎక్కువ మిగిలింది, అది ఇప్పటికీ పోలేదు. థియేటర్ సంగతి ఎవరికీ గుర్తు కూడా లేదు, పైగా మేడ మీద కచేరీ ఒక్కటి విడిగా 2022 జనవరి 30న ఐమ్యాక్స్‌లో వేశారు, దాంతో పెద్ద తెర ముచ్చట కూడా కొంత తీరింది.

ఇదంతా తిరగేసి చేసినవాళ్ళూ ఉన్నారు. "బికమింగ్ లెడ్ జెపెలిన్" 2025 ఫిబ్రవరిలో ముందు ఐమ్యాక్స్‌లో పడి, కొన్ని నెలలకి నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్ళింది. టేలర్ స్విఫ్ట్ "ఈరాస్ టూర్" సినిమా 2023 అక్టోబర్‌లో థియేటర్లలో, 2024 మార్చిలో డిస్నీ ప్లస్‌లో. అలా చేస్తే గొడవే రాదు, నాకూ అదే ఇష్టం. కానీ థియేటర్‌కి జనాన్ని రప్పించే సత్తా ఏ బ్యాండ్‌కి ఉందో అన్నదాని మీద అది ఆధారపడుతుంది, అందరూ టేలర్ స్విఫ్ట్‌లు కారు కదా.

ఇప్పుడు మీ గ్రూప్ దగ్గరికొద్దాం. నేనైతే ఏం చేస్తానంటే:

ముందు "థియేటరా ఓటీటీయా" అన్న చర్చని ఒక్క పోస్ట్ కిందికి నెట్టేస్తా, కొత్త పోస్టులు వస్తే తీసేసి అక్కడికి పంపిస్తా. తిట్టుకోనివ్వండి, అదొక అవసరం, కానీ ఒకే గదిలో. నాలాగా మీరు మాత్రం మీ కోపాన్ని పిన్ చెయ్యకండి.

అడగాల్సింది ఒక్కటే అడగండి, అడగాల్సిన వాళ్ళని అడగండి. ప్లాట్‌ఫామ్ సోషల్ మీడియా పేజీ కింద వెయ్యి తిట్లు రాస్తే అక్కడ కూర్చున్న ఇంటర్న్ కుర్రాడు చదువుతాడు, వాడేం చేయగలడు. బ్యాండ్ మేనేజ్‌మెంట్‌కి, లేబుల్‌కి, దర్శకుడికి రాయండి. "డిస్క్ కావాలి" అని రాయకండి, "హోమ్ వీడియో హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి, డిస్క్ ఆప్షన్ పెట్టుకున్నారా, గడువు ఎప్పటిదాకా" అని అడగండి. మొదటి ఉత్తరానికి సినిమా బాగుంటుందని మర్యాదగా జవాబొస్తుంది. రెండో ఉత్తరం చూస్తే లోపల ఎవడో ఒకడు కాంట్రాక్టు తీసి చూస్తాడు. నా పాత ఆఫీసులో అలాంటి ఉత్తరం ఒక్కటి సమయానికి వచ్చుంటే ఆ తేదీ దాటిపోయేది కాదని ఇప్పటికీ అనుకుంటా.

బాయ్‌కాట్ గురించి నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. మొదటి వారం చూసినవాళ్ళ లెక్క తక్కువొస్తే ప్లాట్‌ఫామ్ "అరెరే డిస్క్ వేయాల్సింది" అనుకోదు, "ఈ బ్యాండ్‌కి జనం లేరు" అనుకుంటుంది. డిస్క్ వేసే కంపెనీ కూడా అదే లెక్క చూస్తుంది. చూడగలిగినవాళ్ళు చూడండి, చూసి అడగండి, అప్పుడు మాటకి బరువుంటుంది. మా పెద్దాయనలాగా సిద్ధాంతంగా వద్దనుకునేవాళ్ళని మాత్రం ఏమీ అనకండి, వాళ్ళ కోసం స్పాయిలర్ లేని పోస్ట్ ఒకటి విడిగా పెట్టండి, డిస్క్ వచ్చేదాకా అలాగే ఉంచండి. మేం అది చేయలేదు, ఆయనకి మంచి సీన్లన్నీ ముందే తెలిసిపోయాయి.

పైరసీ లింకుల గురించి కూడా ఒక ముక్క రాశారు మీరు. గ్రూప్‌లో పెట్టనివ్వకండి, గ్రూప్ ఎగిరిపోతుంది, అంతకంటే పెద్ద కారణం వెతకక్కర్లేదు. సర్వీసు లేని దేశం నుంచి ఎవరన్నా అడిగితే నేను ఉపన్యాసం ఇవ్వను, లింకూ ఇవ్వను, ఆ దేశంలో ఎప్పుడొస్తుందో తెలిస్తే చెప్తా, అంతే.

మీ బ్యాండ్ పేరు మీరు చెప్పలేదు. పోస్టర్ కింద చిన్న అక్షరాల్లో నిర్మాణ సంస్థల పేర్లు ఉంటాయి, అందులో బ్యాండ్ సొంత కంపెనీ ఉందా, లేక ప్లాట్‌ఫామ్ పేరొక్కటే ఉందా చూసి ఇక్కడ రాయండి. మొదటిదైతే డిస్క్‌కి ఆశ పెట్టుకోవచ్చు. రెండోదైతే ఆ దర్శకుడి పాత సినిమాలు డిస్క్ మీద వచ్చాయో లేదో వెతుకుదాం.